కూనవరం ఎన్ని జిల్లాలు మారింది?

కూనవరంలో 1958లో పుట్టిన ఒక పెద్దాయన్ని ఊహించుకోండి. శబరి వచ్చి గోదారిలో కలిసే చోట ఇల్లు. ఇంటి వెనక చింతచెట్టు, నాలుగు మేకలు, కాస్త మిరప చేను. ఊరొదిలి ఎక్కడికీ పోయి ఉండలేదు. ఆయన పుట్టినప్పుడు ఆ ఊరు తూర్పు గోదావరి జిల్లాలో ఉంది. మరుసటేడు ఖమ్మం జిల్లాలోకి వచ్చింది. ఆయనకి యాభై ఆరేళ్ళు వచ్చాక మళ్ళీ తూర్పు గోదావరి అయింది. అరవై నాలుగో ఏట అల్లూరి సీతారామరాజు జిల్లా అయింది. జిల్లా కేంద్రం మొదట కాకినాడ, తర్వాత ఖమ్మం, మళ్ళీ కాకినాడ, ఆపైన పాడేరు. కలెక్టరుకి ఒక అర్జీ పెట్టుకోవాలంటే ఏ బస్సు ఎక్కాలన్నది 2022 నాటికే ఆయన జీవితంలో మూడుసార్లు మారిపోయింది.

ఇంకాస్త వెనక్కి, ఆయన ముత్తాత దాకా వెళ్దాం. 1855లో పుట్టాడనుకుంటే నిజాం రాజ్యంలో పుట్టినట్టు. ఐదేళ్ళకి ఇంగ్లీషువాళ్ళ కిందికి వచ్చాడు. అదీ మద్రాసు కింద కాదు, సెంట్రల్ ప్రావిన్సెస్ కింద. అంటే నాగపూర్ నుంచి పాలించే ప్రభుత్వం. పంతొమ్మిదేళ్ళ వయసులో మద్రాసు వాడయ్యాడు. కొడుకుల కాలంలో, 1925లో, గోదావరి జిల్లా పేరు తూర్పు గోదావరిగా మారింది. మనవల కాలంలో 1953లో ఆంధ్ర రాష్ట్రం, 1956లో ఆంధ్రప్రదేశ్ వచ్చాయి.

ఇలాంటి కథ విన్నప్పుడల్లా నాకు గ్రీసు దేశపు రోడ్స్ దీవి గుర్తొస్తుంది. 1912 దాకా టర్కీ సుల్తానుల చేతిలో ఉండేది. తర్వాత ఇటలీ పట్టుకుంది. రెండో ప్రపంచ యుద్ధంలో 1943లో జర్మన్లు వచ్చారు, 1945లో బ్రిటిష్ వాళ్ళు వచ్చారు, 1947లో గ్రీసు చేతికొచ్చింది. దీవి మాత్రం ఉన్నచోటే ఉంది. అయితే రోడ్స్ చుట్టూ సముద్రం ఉంది కాబట్టి, దాని పొలిమేర ఎక్కడుందో ఎవరూ చెప్పక్కర్లేదు. మన భద్రాచలం సీమకి ఆ సౌకర్యం లేదు. ఇక్కడ దీవిని సముద్రం తయారుచెయ్యలేదు, జీవోలు, ఆర్డినెన్సులు తయారుచేశాయి.

ముందు భూగోళం చెప్పుకుందాం. అది తెలియకపోతే తర్వాత చెప్పేదంతా గందరగోళంగా ఉంటుంది.

గోదావరి వాయవ్యం నుంచి ఆగ్నేయానికి దిగుతుంది. నది దిగే వైపు మొహం పెట్టి నిలబడితే ఎడమ చేతివైపు వరసగా వాజేడు, వెంకటాపురం, చర్ల, దుమ్ముగూడెం, భద్రాచలం, ఏటపాక, కూనవరం, వరరామచంద్రాపురం. ఆ చివరి దాన్ని అందరం వి.ఆర్.పురం అనే అంటాం లెండి. వాటి వెనక అడవి, గుట్టలు, ఆపైన ఛత్తీస్‌గఢ్. చింతూరు దాటి కాస్త పోతే శబరి, సీలేరు కలిసే చోట ఛత్తీస్‌గఢ్, ఒడిశా, ఆంధ్ర మూడూ ఎదురెదురుగా చూసుకుంటాయి. కుడి చేతివైపు బూర్గంపాడు, సారపాక, కుక్కునూరు, వేలేరుపాడు. కిన్నెరసాని కుడివైపు నుంచీ, తాలిపేరు, శబరి ఎడమవైపు నుంచీ వచ్చి కలుస్తాయి. ఇంకా కిందికి పోతే పాపికొండలు. కొండల మధ్య నది ఇరుకై పోతుంది. ఆ ఇరుకు దాటాక పోలవరం.

కోయలు, కొండరెడ్లు ఈ రెండు ఒడ్డులా ఉన్నారు. ఒక ఒడ్డున అన్న, ఇంకో ఒడ్డున మేనమామ. ఛత్తీస్‌గఢ్‌లోని కుంట వైపు పిల్లనివ్వడం, తెచ్చుకోవడం ఎప్పటినుంచో ఉంది. వాళ్ళ లెక్కలో నది దారి. సర్కారు లెక్కలో అది సరిహద్దు.

తానీషా కథ మీకందరికీ తెలిసిందే, అందుకని దాన్ని పొడిగించను. నేలకొండపల్లిలో పుట్టిన కంచర్ల గోపన్న పాల్వంచ పరగణాకి తహసీల్దారుగా వచ్చి, వసూలైన శిస్తు సొమ్ముతో గుడి కట్టించి, గోల్కొండలో ఖైదులో పడ్డాడు. మనం భక్తి వైపు నుంచే చెప్పుకుంటాం గానీ, పాలన వైపు నుంచి చూస్తే ఇందులో ఒక సంగతి ఉంది. కుడి ఒడ్డున కచేరీ, ఎడమ ఒడ్డున గుడి, ఒకే తహసీల్దారు. అప్పటికి గోదావరి ఎవరికీ సరిహద్దు కాదు.

అది సరిహద్దయింది 1860లో. 1857 తిరుగుబాటులో నిజాం తమ పక్షాన నిలబడ్డాడని ఇంగ్లీషువాళ్ళు సంతోషించి, ఆయనకి రాయచూర్ అంతర్వేదిని తిరిగిచ్చేశారు. యాభై లక్షల బాకీ రద్దు చేశారు. అదే ఒప్పందంలో, చడీచప్పుడు లేకుండా, గోదావరి ఎడమ ఒడ్డు తాలూకాలను తాము తీసుకున్నారు. సిరొంచ, నూగూరు, ఆల్బాక, చెర్ల, భద్రాచలం, రేకపల్లి. నదిలో పడవలు సుంకం లేకుండా తిరగాలని కూడా రాయించుకున్నారు. ఎందుకంటే అప్పటికే ధవళేశ్వరం ఆనకట్ట కట్టి పేరు తెచ్చుకున్న ఆర్థర్ కాటన్ గారికి ఇంకో పెద్ద ఆలోచన ఉంది. నాగపూర్ వైపు పండే పత్తిని పడవల్లో గోదావరి మీదుగా సముద్రానికి దింపాలి. దారిలో రాళ్ళు అడ్డొచ్చే చోట ఆనకట్టలు, లాకులు కట్టాలి. దుమ్ముగూడెం దగ్గర పని మొదలుపెట్టారు కూడా. దుమ్ముగూడెం ఆనకట్ట అప్పటిదే. డబ్బు మింగేస్తోంది, ఈలోగా రైలు వచ్చేస్తోంది అని 1871లో పని ఆపేశారు.

పడవల పథకం పోయింది. దానికోసం గీసిన గీత మాత్రం ఉండిపోయింది. ఆ ఎడమ ఒడ్డు తాలూకాలన్నీ కలిపి ఎగువ గోదావరి జిల్లా అని పేరు పెట్టి, సిరొంచ కేంద్రంగా సెంట్రల్ ప్రావిన్సెస్‌లో కలిపారు. పడవలే లేనప్పుడు ఈ జిల్లా ఎందుకని 1874లో భద్రాచలం, రేకపల్లి తాలూకాలను విడదీసి మద్రాసు రాజధానిలోని గోదావరి జిల్లాకిచ్చేశారు. నూగూరు, ఆల్బాక, చెర్ల ఇంకో ముప్పై ఏళ్ళ పైన అటే ఉండి, ఇరవయ్యో శతాబ్దం మొదటి పదేళ్ళలో మద్రాసు వైపు వచ్చాయి.

ఇక్కడ కాసేపు ఆగుదాం. 1874 నాటి ఆ బదిలీని చరిత్ర పుస్తకాలు ఒక్క వాక్యంలో దాటేస్తాయి. రేకపల్లి అడవిలో ఉన్నవాడికి అది ఒక్క వాక్యం కాదు. సెంట్రల్ ప్రావిన్సెస్ కింద ఉన్నప్పుడు పోడు కొట్టుకోవడానికి అడ్డు లేదు. పన్ను కూడా ఎకరాల లెక్కన కాదు, గొడ్డలి లెక్కన ఉండేది. ఒక గొడ్డలికి నాలుగణాలు. ఎన్ని గొడ్డళ్ళు ఉంటే అన్ని నాలుగణాలు కట్టి, ఎక్కడ కావాలంటే అక్కడ కొట్టుకోవచ్చు. మద్రాసు ప్రభుత్వం వచ్చింది. ఆ పన్ను దాదాపు మూడింతలైంది. కొన్ని అడవుల్లోకి అడుగే పెట్టొద్దన్నారు. అదే కొండ, అదే గొడ్డలి, అదే మనిషి. మారింది దొరగారి సంతకం ఒక్కటే.

ఐదేళ్ళకి, 1879లో, రంప తిరుగుబాటు లేచింది. అది మొదలైంది రంపలో, అక్కడి మునసబు అన్యాయాల మీద, కల్లు పన్ను మీద. కానీ కొండలు దాటి రేకపల్లికి పాకినప్పుడు దానికి అక్కడ ఎండుగడ్డి సిద్ధంగా ఉంది. పోలీసు స్టేషన్ల మీద దాడులు జరిగాయి. అణచడానికి మద్రాసు నుంచి పటాలాలను దింపాల్సొచ్చింది. అల్లూరి సీతారామరాజు పోరాటం అందరికీ తెలుసు, 1922 నుంచి 1924 దాకా సాగింది. దానికి నలభై ఏళ్ళ ముందే, జిల్లా మారడం వల్ల పెరిగిన పన్ను మీద కోపంతో ఈ అడవి లేచిందన్న సంగతి మన స్కూలు పుస్తకాల్లో నాకెక్కడా కనిపించలేదు. 2022లో ఆ కొండలున్న జిల్లాకి అల్లూరి పేరు పెట్టుకున్నాం, బాగానే ఉంది. రేకపల్లి పేరు ఏ కచేరీ బోర్డు మీదైనా ఉంటే ఇంకా బాగుండేది.

స్వాతంత్ర్యం తర్వాతి కథ చకచకా చెప్పేస్తాను. 1953 అక్టోబర్ 1న రెండు జరిగాయి. ఇటు మద్రాసు నుంచి విడిపోయి ఆంధ్ర రాష్ట్రం వచ్చింది, భద్రాచలం అందులో పడింది. అటు హైదరాబాద్ రాష్ట్రంలో వరంగల్ జిల్లాను చీల్చి ఖమ్మం జిల్లా చేశారు. మూడేళ్ళకి ఇద్దరూ ఒక్కటయ్యారు. ఒక్కటయ్యాక, భద్రాచలం జనం కాకినాడ దాకా ఎందుకు పోవాలి, గోదారి దాటితే ఖమ్మం జిల్లాయే కదా అని, 1959లో భద్రాచలం, నూగూరు వెంకటాపురం తాలూకాలను ఖమ్మంలో కలిపారు. 1965లో భద్రాచలం దగ్గర వంతెన పూర్తవడంతో ఆ కలయికకి అర్థం వచ్చింది. అంతకు ముందు వానాకాలంలో అవతలి ఒడ్డుకి పోవడం అంటే లాంచీ కోసం ఎదురుచూడడమే.

నన్నడిగితే ఈ నూట యాభై ఏళ్ళలో గీసిన గీతలన్నిటిలో మనిషి నడకను చూసి గీసింది ఆ 1959 గీత ఒక్కటే. అదొక్కటే తర్వాత గొడవైంది, అదీ మన అదృష్టం.

తెలంగాణ ఉద్యమం రోజుల్లో భద్రాచలం ఎవరిదన్న వాదన ఎంత దూరం పోయిందో మీకు గుర్తుండే ఉంటుంది. 1959కి ముందు మాది అని ఒకరు, 1860కి ముందు మాది అని ఇంకొకరు. ఏ తేదీ దగ్గర నిలబడితే దానికి తగ్గ చరిత్ర దొరుకుతుంది. కానీ అసలు తగువు గుడి గురించి కాదు, నీళ్ళ గురించి. పోలవరం డ్యాం నిండు నీటిమట్టం 45.72 మీటర్లు, పాత లెక్కలో 150 అడుగులు. అంత ఎత్తున నీళ్ళు నిలబెడితే ఆ వెనక నీరు పాపికొండలు దాటి వి.ఆర్.పురం, కూనవరం, కుక్కునూరు, వేలేరుపాడు పొలాల్లోకి వస్తుంది. డ్యాం ఒక రాష్ట్రంలో, మునక ఇంకో రాష్ట్రంలో ఉంటే పని సాగదు. కాబట్టి మునిగే నేలను కూడా డ్యాం ఉన్న రాష్ట్రానికే ఇచ్చెయ్యాలి. ఇదీ లెక్క.

విభజన చట్టంలో మొదట మునిగే ఊళ్ళ వరకే మినహాయించారు. తెలంగాణ 2014 జూన్ 2న పుట్టాల్సి ఉండగా, మే 29న ఆర్డినెన్సు వచ్చింది. ఊళ్ళు కాదు, మండలాలకి మండలాలే ఆంధ్రప్రదేశ్‌కి. చింతూరు, కూనవరం, వి.ఆర్.పురం, కుక్కునూరు, వేలేరుపాడు పూర్తిగా. బూర్గంపాడులో కొన్ని ఊళ్ళు. భద్రాచలం మండలం మొత్తం, భద్రాచలం పట్టణం తప్ప. జూలైలో పార్లమెంటు దాన్ని చట్టం చేసింది.

ఇందులో ఒక తమాషా చూడండి. 1959 దాకా ఆంధ్ర వైపున్న భద్రాచలం పట్టణం తెలంగాణకి మిగిలింది. నిజాం ఏలుబడి నుంచీ తెలంగాణ వైపే ఉన్న కుడి ఒడ్డు కుక్కునూరు, వేలేరుపాడు ఆంధ్రకి వెళ్ళాయి. చరిత్రని బట్టి వాదించినవాళ్ళు ఇద్దరూ ఓడిపోయారు. నీటిమట్టం గెలిచింది.

1860లో గీత గీసింది పడవల కోసం. 2014లో గీసింది డ్యాం కోసం. రెండుసార్లూ గోదారితో ఎవరికో పని పడింది. ఆ ఎవరో ఈ ఒడ్డున ఉండేవాళ్ళు కాదు. రెండుసార్లూ ఇక్కడి గూడేల్ని పిలిచి అడిగిన దాఖలా నాకు కనిపించదు.

సున్నం రాజయ్య గారి సంగతి చెప్తే ఈ విడ్డూరం బాగా అర్థమవుతుంది. భద్రాచలం నుంచి మూడుసార్లు ఎమ్మెల్యేగా గెలిచిన కోయ నాయకుడు, సీపీఎం మనిషి. నిరాడంబరంగా ఉండేవారని ఏ పార్టీవాళ్ళనడిగినా చెప్తారు. 2014 ఏప్రిల్ ఎన్నికల్లో ఈ మండలాల జనం కూడా ఓటేస్తే గెలిచి తెలంగాణ శాసనసభకి వెళ్ళారు. వెళ్ళేసరికి ఆయన సొంత ఊరు, వి.ఆర్.పురం మండలం సున్నంవారిగూడెం, ఆంధ్రలో ఉంది. తెలంగాణ ఎమ్మెల్యే రోజూ నిద్రపోయేది ఆంధ్రప్రదేశ్‌లో! ఆయనకు ఓటేసినవాళ్ళకి ఆంధ్ర అసెంబ్లీలో ఎమ్మెల్యే లేడు. తెలంగాణ అసెంబ్లీలో ఉన్న ఎమ్మెల్యేకి వాళ్ళ మీద అధికారం లేదు. 2019 ఎన్నికలకి గానీ వాళ్ళని రంపచోడవరం, పోలవరం నియోజకవర్గాల్లో కలపలేదు. ఆ ఎన్నికల్లో రాజయ్య గారు రంపచోడవరం నుంచి పోటీ చేసి ఓడిపోయారు. 2020 ఆగస్టులో కరోనా ఆయన్ని తీసుకుపోయింది. ఐదేళ్ళపాటు అసెంబ్లీలో తమ కష్టం చెప్పేవాడు లేకుండా గడిపిన ఓటర్లు ఈ దేశంలో ఇంకెక్కడైనా ఉన్నారేమో నాకైతే తోచదు.

ఇక దీవి సంగతి. భద్రాచలం పట్టణంలో 2011 లెక్కలకే సుమారు 50 వేల మంది. ఒక పక్క గోదారి. మిగతా పక్కలా ఆంధ్ర ఊళ్ళు. ఏటపాక, గుండాల, పురుషోత్తపట్నం, కన్నాయిగూడెం, పిచుకలపాడు. ఈ ఐదు పంచాయతీలు పట్టణాన్ని చుట్టుకుని ఉన్నాయి. పోనీ ఆ ఊళ్ళ వెనక అంతా ఆంధ్రేనా అంటే, కాదు. వాటికి పైన దుమ్ముగూడెం, చర్ల మళ్ళీ తెలంగాణవి. కాబట్టి భద్రాచలంలో బస్సెక్కి చర్ల వెళ్ళేవాడు తెలంగాణలో బయలుదేరి, ఆంధ్రలోకి పోయి, మళ్ళీ తెలంగాణలోకి వస్తాడు. దారిలో రోడ్డు గుంతలు పడితే ఎవరు పూడ్చాలన్నది బస్సు డ్రైవరుకి కూడా తెలియదు.

రామాయణాన్ని కూడా వదల్లేదు లెండి. జటాయువు పడిన చోటని చెప్పుకునే ఏటపాక ఆంధ్రలో. సీతమ్మ చీర ఆరేసిన చోటని చూపించే పర్ణశాల తెలంగాణలో. నది కిందికి శ్రీరామగిరి మళ్ళీ ఆంధ్రలో. రాముడు తెలంగాణకి పోయాక ఆంధ్ర ప్రభుత్వం కడప జిల్లా ఒంటిమిట్టలో కల్యాణం అధికారికంగా చెయ్యడం మొదలుపెట్టింది. ఒంటిమిట్ట పాత గుడే, గొప్ప గుడే, అక్కడివాళ్ళకి సంతోషం. కానీ భద్రాచల రాముడికి ఆస్తి తగాదా మిగిలింది. ఆయన పేరున ఉన్న 880 ఎకరాల పైచిలుకు భూమి పురుషోత్తపట్నంలో ఉంది, అంటే ఆంధ్రలో. దేవుడు ఒక రాష్ట్రంలో, మాన్యం ఇంకో రాష్ట్రంలో. ఆక్రమణలంటూ గొడవ లేచినప్పుడల్లా తెలంగాణ దేవాదాయ సిబ్బంది ఆంధ్ర రెవెన్యూ, ఆంధ్ర పోలీసుల సాయం అడగాలి. రామదాసు కాలంలో కూడా దేవుడి లెక్కలు ఇంత చిక్కుగా లేవు.

పట్టణానికి ఊపిరి తిప్పుకోవడానికి స్థలం లేదు. యాభై వేలమంది చెత్త రోజూ ఎక్కడో పొయ్యాలి కదా. డంపింగ్ యార్డుకి జాగా చూద్దామంటే ఊరి చివరే రాష్ట్రం చివర. అందుకే ఏళ్ళ తరబడి గోదారి కరకట్ట పక్కనే చెత్త గుట్టలు పడ్డాయి. కల్యాణానికొచ్చే భక్తులు ముక్కు మూసుకుని స్నానఘట్టానికి నడుస్తారు. కొత్త ఇళ్ళకి, కొత్త ఆఫీసులకి జాగా సంగతీ అంతే.

ఐదు పంచాయతీల వాళ్ళది ఇంకో రకం బాధ. పిల్లల చదువు, ఆస్పత్రి, సంత, సినిమా అన్నీ భద్రాచలంలో. నడిచిపోయే దూరం. కానీ కచేరీ పనికి మాత్రం జిల్లా కేంద్రం. మొదట కాకినాడ, 2022 ఏప్రిల్ 4న పాడేరు అయింది. పాడేరుకి చింతూరు మీదుగా మారేడుమిల్లి ఘాట్ ఎక్కి, రంపచోడవరం దిగి, అక్కడి నుంచి మళ్ళీ మన్యం ఎక్కి పోవాల్సి వచ్చేది. రెండు వందల కిలోమీటర్లు పైమాటే. ఒక్క రోజులో పోయి పని చూసుకుని రావడం అసాధ్యంగా ఉండేది. ధాన్యం కొనే రోజుల్లో పక్క రాష్ట్రం ధాన్యం రాకూడదని చెక్‌పోస్టు పెడితే, పొద్దున పొలం నుంచి కనిపించే మిల్లుకి వడ్లు తోలుకుపోవడానికి వీల్లేదు. స్థానికత చదివిన చోటును బట్టి కాబట్టి, భద్రాచలంలో చదివిన ఏటపాక పిల్ల ఉద్యోగానికి దరఖాస్తు పెట్టేటప్పుడు తాను ఎక్కడి స్థానికురాలో అడిగి తెలుసుకోవాలి.

ఏటపాక వైపు నుంచి రోజూ పట్టణానికి కూరగాయలు తెచ్చే ఒకామెని ఓ రోజు అడిగాను, "ఏ రాష్ట్రం బాగుందమ్మా మీకు?" అని. "ఏది ఆసరా పింఛను ఎక్కువిస్తే అది బాగుంటది సారూ. కానీ రాత్రిపూట నొప్పులొస్తే మాత్రం భద్రాచలం ఆస్పత్రే," అంది. వంకాయలు తూచి ఇచ్చి, చిల్లర లెక్కపెట్టుకుంటూ.

ఆ ఆస్పత్రి మాట నిజం. భద్రాచలం ఏరియా ఆస్పత్రి గేటు దగ్గర ఓ గంట కూర్చుంటే నాలుగు రాష్ట్రాల జనం కనిపిస్తారు. కుంట నుంచి, మల్కన్‌గిరి నుంచి, చింతూరు నుంచి, చర్ల నుంచి. అక్కడి నర్సులు మంచం దగ్గర రాష్ట్రం అడగరు.

మునగాల పరగణా గురించి పాతవాళ్ళకి తెలిసే ఉంటుంది. చుట్టూ నిజాం రాజ్యం, మధ్యలో ఆ కొన్ని ఊళ్ళు మాత్రం కృష్ణా జిల్లా. ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక దాన్ని నల్లగొండలో కలిపి ఆ చిక్కు విప్పేశారు. అంతకంటే పెద్ద చిక్కు భారత్, బంగ్లాదేశ్‌ల మధ్య ఉండేది. అటువైపు మనవి 111 ముక్కలు, ఇటువైపు వాళ్ళవి 51 ముక్కలు. 2015 జూలై 31 అర్ధరాత్రి మార్చుకున్నారు. మార్చుకునే ముందు అక్కడివాళ్ళని ఒక్కొక్కరినీ అడిగారు, మీకు ఏ దేశం కావాలి అని. రెండు దేశాలు రాజ్యాంగాన్ని సవరించుకుని చెయ్యగలిగిన పనిని, ఒకే భాష మాట్లాడే రెండు రాష్ట్రాలు ఐదు పంచాయతీల విషయంలో చెయ్యలేకపోవడం వింతే. తెలంగాణ అడుగుతూనే ఉంది. ఆ ఊళ్ళలో గ్రామసభలు తీర్మానాలు చేశాయి. 2024 జూలైలో ఇద్దరు ముఖ్యమంత్రులు హైదరాబాద్‌లో కూర్చున్నప్పుడు కూడా ఈ మాట వచ్చింది. పట్టణం పక్కనే ఉన్న ఈ ఐదు ఊళ్ళకి డ్యాంతో పేచీ లేదు, ఉన్నా అది భద్రాచలానికి ఉన్నంతే. ఇవి తిరిగి భద్రాచలంతో కలవాలన్నదే నా అభిప్రాయం. ఏ రాష్ట్రం గొప్పదన్న దాంతో దీనికి సంబంధం లేదు, ఆ కూరగాయలామె నడక దూరంతోనే సంబంధం.

వరదలప్పుడైతే ఈ గీతలు ప్రాణాల మీదికి తెస్తాయి. భద్రాచలం దగ్గర నీటిమట్టం 43 అడుగులకి మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 1986 ఆగస్టులో 75.6 అడుగులు వచ్చింది. 2022 జూలైలో 71.3 అడుగులు. వంతెన మీద రాకపోకలు ఆపేశారు. అప్పుడు భద్రాచలం నిజంగానే దీవి అయింది. కొలిచేది తెలంగాణలో, అదే నీళ్ళు ఇంకాసేపటికి ముంచేది ఆంధ్రలోని కూనవరం, వి.ఆర్.పురం. కరకట్టకి రెండు రాష్ట్రాలు. పునరావాస శిబిరాలకి రెండు రాష్ట్రాలు. పరిహారానికి రెండు జీవోలు. పక్కపక్కన ఉన్న రెండు గూడేల్లో, ఒకే రోజు ఒకే ఎత్తున నీళ్ళొచ్చిన ఇళ్ళకి, ఒకరికి వచ్చిన సాయం ఒకలాగా, ఇంకొకరికి వచ్చింది ఇంకోలాగా ఉంటే ఏమనిపిస్తుందో ఊహించుకోండి. దాని వెనకే, వరద పెరిగింది పోలవరం కాఫర్ డ్యాం వల్లేనని ఇటువాళ్ళు, కాదని అటువాళ్ళు తగువుపడ్డారు. ఆ తగువు తేలక ముందే బురద ఎండిపోయింది.

జిల్లాలు మారడం ఆగలేదు. 2016 అక్టోబర్ 11న ఖమ్మం చీలి భద్రాద్రి కొత్తగూడెం వచ్చింది. వాజేడు, వెంకటాపురం అటు భూపాలపల్లికి పోయి, 2019 ఫిబ్రవరిలో ములుగు జిల్లా అయ్యాయి. 1860లో ఒకే కట్టగా నిజాం చేతినుంచి వచ్చిన ఎడమ ఒడ్డు తాలూకాల్లో సిరొంచ మహారాష్ట్రలో ఉంది, నూగూరు ములుగులో, చర్ల కొత్తగూడెంలో, కూనవరం ఆంధ్రలో. కుక్కునూరు, వేలేరుపాడు పశ్చిమ గోదావరి నుంచి ఏలూరు జిల్లాకి మారాయి. చింతూరు వైపు మండలాలను ఇంకెక్కడో కలపాలన్న మాటలు కూడా ఎప్పుడూ ఏదో ఒకటి వినిపిస్తూనే ఉంటాయి.

ఒక్కటి మాత్రం ఇంతవరకూ అన్ని గీతల్ని దాటి నిలబడింది. ఇది షెడ్యూల్డ్ ప్రాంతం. 1874 నాటి షెడ్యూల్డ్ జిల్లాల చట్టం నుంచి, రాజ్యాంగంలోని ఐదో షెడ్యూలు దాకా, ఏ ప్రభుత్వం వచ్చినా ఈ నేల ఏజెన్సీగానే ఉంది. గిరిజనేతరులకి భూమి బదిలీ కాకూడదన్న 1/70 చట్టం రెండు రాష్ట్రాల్లోనూ ఉంది. అమలు ఎంత బాగా జరుగుతోందో నేను చెప్పక్కర్లేదు, పట్టణాల్లో లేచిన మేడలు చెప్తాయి. అయినా కాగితం మీద ఉన్న హక్కు రేపు కోర్టులో పనికొస్తుంది.

పోలవరం కింద కదలాల్సిన కుటుంబాలు లక్ష పైన. అందులో ఎక్కువ భాగం ఈ మండలాలవే. వేలేరుపాడు, కుక్కునూరు వాళ్ళ కోసం జంగారెడ్డిగూడెం దగ్గర తాడువాయిలో కాలనీ కట్టారు. వరసల్లో ఒకేలాంటి ఇళ్ళు, మధ్యలో సిమెంటు రోడ్డు. అడవి లేదు, నది లేదు. 2014లో గీసిన గీత రాష్ట్రాన్నే మార్చింది, ఊరిని ఉన్నచోట ఉంచింది. డ్యాం నిండితే ఊరే లేచి పోవాలి. కూనవరం పెద్దాయన్ని ఎక్కడ దించుతారు? అది ఏజెన్సీ లోపలా, బయటా? బయటైతే ఆయన మనవడికి ఇచ్చే ఇంటి జాగాకి 1/70 వర్తిస్తుందా? పోడు పట్టా ఉన్న అడవి మునిగితే, బదులిచ్చే భూమి మీద అలాంటి హక్కే రాస్తారా? భద్రాచలంలో, చింతూరులో ఐటీడీఏ ఆఫీసులున్నాయి. మీకెవరికైనా అటు పనుంటే ఈ మూడు ప్రశ్నలూ అడిగి చూడండి. కాగితం మీద రాసిచ్చిన జవాబు వస్తే నాకూ పంపండి, ఈ పేజీలో వేసుకుందాం.